నీళ్ళు తాగినంతసేపు

కరోనా రావడానికి ముందటి ఏడాది మాట. ఒడిశాలోని బరంపురం లంజిపల్లిలో ఒక జెరాక్సు షాపు మేడమీద నా స్టూడియో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉందనుకోండి. గోడలకి గుడ్డ తాపడం, ఒక మంచి మైకు, ఒక ముసలి కంప్యూటరు, దానికంటే ముసలి కుర్చీ. కింద వీధిలో స్కూటర్లూ ఆటోలూ హారన్లు కొడుతూనే ఉంటాయి కాబట్టి రికార్డింగుకి ముందు కిటికీ మూసి, ఫ్యాను కూడా ఆపేసేవాణ్ణి. వేసవిలో నా దగ్గర పాడినవాళ్ళు రెండో చరణానికల్లా చెమటతో తడిసి ముద్దయ్యేవారు.

పెళ్ళి వీడియోలకి పాటలు అతకడం, ఆటోల మీద తిరిగే ప్రకటనలు, జాత్రా నాటకాల కంపెనీలకి ఉరుములూ మెరుపులూ తయారుచేసి ఇవ్వడం, నాకు కూడు పెట్టే పనులు ఇవే. నా మనసు మాత్రం ఇంకోదాని మీద ఉండేది. దాన్ని విజువల్ ప్రోగ్రామింగ్ అంటారు. మామూలు ప్రోగ్రాముని అక్షరాలతో రాస్తారు. ఇందులో అలా కాదు, తెరమీద చిన్న చిన్న పెట్టెలుంటాయి. ఒక పెట్టె శబ్దాన్ని తెస్తుంది, ఒకటి పెంచుతుంది, ఒకటి కాసేపు ఆపి వదులుతుంది. వాటిని గీతలతో, అంటే తీగలతో, ఒకదానికొకటి కలుపుతాం. అలా కలిపిన మొత్తాన్ని ప్యాచ్ అంటారు. బరంపురం మొత్తానికి ఆ పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకు మహా గొప్పగా ఉండేది. ఆ పని కావాలని అడిగేవాడు కూడా ఊరు మొత్తానికి ఒక్కడూ లేడన్న సంగతి నేను అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు.

చివరికి అడిగింది సన్యాసిరావు బాబాయి. అదీ తనేం అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

ఆయన నాకు చుట్టం కాదు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మా భజన మందిరానికి పెద్ద. పాట రాదు గానీ తాళం వేస్తే గడియారం ఆయన్ని చూసి సరిచేసుకోవాలి. ఒక సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని నా మెట్లన్నీ ఎక్కి వచ్చి, ఆ ముసలి కుర్చీలో కూలబడి, సంచిలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా బల్లమీద పెట్టాడు.

"ఈ ఏడు అష్టప్రహరి ఆపీద్దామనుకుంటన్నాను రమణా."

నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను. చిన్నప్పట్నుంచీ మా వీధికి అదే పెద్ద పండగ. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అష్టప్రహరి అంటే ఇరవై నాలుగు గంటలు తెగకుండా నామం చెప్పడం. మొత్తం ఎనిమిది పహరాలు, ఒక్కోటి మూడు గంటలు, పహరాకి ఒక మండలి. కొత్త మండలి వాకిట్లోకి వస్తూనే లోపలివాళ్ళ నామంలో గొంతు కలుపుతుంది. అందరూ కలిసి పాడుతూ మందిరంలో ఒక చుట్టు తిరుగుతారు. ఆ తర్వాతే పాతవాళ్ళు తప్పుకుంటారు. మధ్యలో నామం ఒక్క క్షణం తెగినా ఆ ఏటి పూజ పోయినట్టే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మిల్లు పనులకీ రైలు పనులకీ వచ్చి ఇక్కడ స్థిరపడి, ఈ పద్ధతిని ఒడియావాళ్ళ దగ్గర నేర్చుకుని, మన వరసల్లో పాడుకున్నారు. నేను పుట్టకముందు మొదలైనది నాకు బట్టతల వచ్చేదాకా ఒక్కసారీ తెగలేదు.

"ఆపడమేటి బాబాయ్?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావు? రాత్రి పహరాలకి పాత్రపూర్ వోళ్ళున్నారు, పురుషోత్తంపూర్ వోళ్ళున్నారు. వేనేసుకుని వొచ్చి, వాయించీసి ఎల్లిపోతారు. పొద్దుటికీ సాయంత్రానికీ మన కుర్రోళ్ళున్నారు. పన్నెండు నుంచి మూడు దాకా ఒక్క మనిసీ నేడు. తిథి సూస్తే బుధవారం పడింది. అందరికీ డ్యూటీలే." డబ్బా మూత మీద వేలితో కొట్టాడు. "మేష్టారుంటే నాకీ బెంగ ఉండీది కాదు."

ఆయనంటున్నది జోగారావు మేష్టారి గురించి. మాకు తెలుగు బడిలో లెక్కలు చెప్పారు. పన్నెండో ఎక్కం దగ్గర నా చెవి ఎంత మెలిపెట్టారో ఇప్పటికీ ఆ చెవితోనే బతుకుతున్నాను. ఏడాదికొకసారి అష్టప్రహరి రోజున సెలవు చీటీ రాసిచ్చి వచ్చి, మధ్యాహ్నం పహరా మొత్తం ఆయనొక్కరే పాడేవారు. ఆ ఎండవేళ ఆయన గొంతు, బాబాయి తాళం, వెనక వంటశాలలోంచి పప్పు పొంగే వాసన. నా చిన్నతనంలో మధ్యాహ్నం అంటే అదే. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. పోయిన తర్వాతి ఏడాది మందిరం వాళ్ళు ఎవరెవరినో బతిమాలి ఎలాగో నెట్టుకొచ్చారు.

డబ్బా తెరిస్తే రెండు క్యాసెట్లు. ఎప్పుడో ఎవరో మందిరం స్తంభానికి టేప్ రికార్డరు కట్టి రికార్డు చేసినవి.

"ఇందులో ఉన్నాడు మేష్టారు. మూడు గంటలు పాడించు. తాళం నాను ఏస్తాను. గొంతు ఆయన్ది, సెయ్యి నాది. అప్పుడది వొట్టి రికార్డు అవదు గదా."

"రెండు క్యాసెట్లూ కలిపి రెండు గంటలు కూడా రాదు బాబాయ్. తిప్పి తిప్పి వెయ్యాలి."

"అదే వొద్దంటన్నాను. అరిగిపోయిన రికార్డులాగ అదే ముక్క అదే ముక్క వొచ్చిందనుకో, అది నామం కాదు. ఆయన ఏనాడూ ఒక వరస రెండోసారి అలాగే పాడనేదు. నీ దగ్గర ఏదో బొమ్మల కంప్యూటరు ఉందంటావు గదా. సెయ్యగలవా, నేవా?"

ఇరవై ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూసిన ప్రశ్న అది. చేయగలనన్నాను. ఆయన లేచి నిలబడి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "తెగకూడదు రమణా. తెగిందంటే మాత్రం ఇదే ఆకరు. మళ్ళీ నాను దీని జోలికి రాను" అన్నాడు. ఆయన గొంతులో బెదిరింపు లేదు. అలసట ఉంది. అందుకే నాకు భయం వేసింది.

మర్నాడు మేష్టారి భార్య సింహాచలమ్మ గారి దగ్గరకి వెళ్ళాను. ఆవిడ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. వరండాలో చేటలో బియ్యం పోసుకుని మట్టిగడ్డలు ఏరుతోంది. అష్టప్రహరి ప్రసాదం బియ్యం అది. మందిరంలో వంటశాల మొత్తం ఆవిడదే, ఎన్నేళ్ళుగానో. నేను సంగతి చెప్పి, మేష్టారి గొంతు వాడుకోవడానికి అనుమతి అడిగాను.

"ఆయన్ది అడగాల్సిందేటుంది బాబూ. నామం ఎవరి సొంతం కాదు" అంది. కాసేపు ఏరి, "ఎలాగేస్తావు?" అని అడిగింది.

"ముందు శుభ్రం చేస్తానమ్మా. పాత టేపు కదా, హోరు ఉంటుంది. గిన్నెల చప్పుళ్ళూ అవీ ఉంటాయి."

"ఆయన గొంతులో మురికేటుంది?" అని నవ్వింది. మళ్ళీ తనే, "ఉన్నది ఉన్నట్టు ఎయ్యి. ఏదీ తీసీకు" అంది.

సరేనన్నాను గానీ ఆ మాట చెవిన పెట్టలేదు. శబ్దం సంగతి నాకు తెలిసినంత ఆవిడకేం తెలుసు అనుకున్నాను. ఇప్పుడది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి వినడం మొదలుపెట్టాను. మేష్టారి గొంతు వచ్చేసరికి ఎడం చెవి దానంతటదే వేడెక్కింది. రెండు రోజులు పని మానేసి వింటూ కూర్చున్నాను. ఆయన నిజంగానే ఒక వరసని రెండుసార్లు ఒకలా పాడలేదు. ఒకసారి చివర లాగేవారు, ఒకసారి తుంచేవారు, ఒకసారి బాబాయిని ఆటపట్టిస్తున్నట్టు అర మాత్ర ఆగి అందుకునేవారు. తాళం ఏనాడూ తప్పలేదు. ఒక్కో ఆవృతాన్నీ, అంటే తాళం ఒకసారి పూర్తయ్యేంత ముక్కని, విడదీసి పేరు పెట్టుకున్నాను.

మధ్య మధ్యలో పది పన్నెండు చోట్ల ఆయన గొంతు ఆగిపోతోంది. తాళం ఆగదు. ఎక్కడో దూరంగా వంటల సవ్వడిలో ఎవరో ఆడమనిషి గొంతు సన్నగా, గాజులో గ్లాసులో తగిలిన చప్పుడు, నాలుగైదు సెకన్ల తర్వాత ఆయన మళ్ళీ అందుకుంటారు. ప్రధాన గొంతు లేని ముక్కలు నాకెందుకు? అన్నిటినీ కత్తిరించి పక్కన పడేశాను. హోరు కూడా తీసేశాక మేష్టారు నా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే వచ్చింది. నా పనికి నేనే మురిసిపోయాను.

తర్వాత ప్యాచ్ కట్టాను. అందులో కీలకమైనది షెడ్యూలర్. ఏ పెట్టెని ఏ క్షణంలో తట్టి లేపాలో చూసుకునేది అదే, బడిలో గంట కొట్టే ప్యూను లాంటిది. ఒక ఆవృతం అయిపోతుండగానే తర్వాతి ఆవృతాన్ని ఎంచి సిద్ధంగా ఉంచాలి. ఎంచేటప్పుడు ఇందాక పాడినదే మళ్ళీ రాకూడదు, చివర లాగిన దాని తర్వాత తుంచినది రావాలి. అలాంటి నియమాలు ఒక పదిహేను పెట్టుకున్నాను. నా ముసలి కంప్యూటరు రెండు క్యాసెట్లనీ ఒకేసారి మోయలేదు కాబట్టి, క్యాసెట్ ఒక వైపు ముక్కలతో ఇరవై అయిదు నిమిషాలు నడిపి, తర్వాత డిస్కు నుంచి ఇంకో వైపు ముక్కలు తెచ్చుకునేలా చేశాను. తెచ్చుకోడానికి ఒక సెకను పట్టేది. ఆ సెకను బయటికి తెలియకుండా పాత గొంతు తగ్గుతూ కొత్తది పెరిగేలా రెండు సెకన్ల క్రాస్‌ఫేడ్ కూడా పెట్టాను. కూర్చుని విన్నాను. వైపు మారినట్టు నాకే తెలియలేదు.

ఆ ప్యాచ్‌ని మందిరంలోనే నడపొచ్చు. కానీ ఎండలో, కరెంటు వస్తూ పోతూ ఉండగా, ఆ కంప్యూటరుని నమ్మి మూడు గంటలు వదిలేయడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందే ఒక ఫైలుగా చేసి తీసుకెళ్తే మంచిదనుకున్నాను. క్యాసెట్ల కాలంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కించాలంటే అది పాడినంతసేపూ కాచుకోవాల్సిందే. ఇప్పుడు ఆఫ్‌లైన్ రెండరింగ్ ఉంది. అంటే కంప్యూటరు శబ్దాన్ని ఎవరికీ వినిపించదు. లెక్కలు మాత్రం గబగబా కట్టేసి ఫైల్లో రాసుకుంటూ పోతుంది. వినడానికి మూడు గంటలు పట్టేది ఆరు నిమిషాల్లో అయిపోయింది. నేను కిందకెళ్ళి టీ తాగి వచ్చేసరికి ఫైలు సిద్ధంగా ఉంది. మొదటి పావుగంట విన్నాను, చివరి అయిదు నిమిషాలు విన్నాను, బ్రహ్మాండంగా ఉంది. మధ్యది వినలేదు. ముందే విన్న ప్యాచే కదా అనుకున్నాను.

బుధవారం పదకొండున్నరకి ఆ ఫైలుని నా లాప్‌టాప్‌లో ఎక్కించుకుని మందిరానికి వెళ్ళాను. పొద్దుటి మండలి కుర్రాళ్ళు గడియారాలు చూసుకుంటూ పాడుతున్నారు. వాళ్ళ బండ్లు బయట స్టాండు వేసి వరసగా ఉన్నాయి. వెనక రేకుల షెడ్డు వంటశాల. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు గుమ్మడికాయలు తరుగుతున్నారు. సింహాచలమ్మ గారు కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బాబాయి ఉతికిన పంచె కట్టుకుని, తాళాలు ఒళ్ళో పెట్టుకుని, మేష్టారు కూర్చునే చోటు ఖాళీగా వదిలి ఆ పక్కనే కూర్చున్నాడు.

పన్నెండు కాగానే, కుర్రాళ్ళు పాడుతుండగానే, మేష్టారి గొంతుని మెల్లగా పెంచాను. బాబాయి తాళం అందుకున్నాడు. కుర్రాళ్ళు కలిసి ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్కరే దండం పెట్టి, బండ్లెక్కి వెళ్ళిపోయారు. ఇక మందిరంలో ఆ గొంతు, ఆ తాళం. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం తప్పడం లేదు. వీధిలో వెళ్తున్న ఒక ఒడియా పెద్దమనిషి సైకిలు దిగి, "జోగారావు మాస్టర్‌లా ఉందే" అని గుమ్మంలోంచి తొంగిచూసి, ఖాళీ చోటు చూసి, చెప్పులు విడిచి దండం పెట్టి వెళ్ళాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇరవై అయిదు నిమిషాలకి మేష్టారు ఒక వరస చివర లాగి వదిలారు. తర్వాతిది రాలేదు.

మొదట తీగ ఊడిందనుకుని ఆంప్లిఫయరు వైపు చూశాను. దీపం వెలుగుతోంది. తెరమీద ఫైలు నడుస్తోంది. గొంతు మాత్రం లేదు. ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. ప్యాచ్ లోపల ఒక గడియారం ఉంటుంది, గోడమీద మనందరి గడియారం వేరే. కూర్చుని వినేటప్పుడు రెండూ కలిసి నడుస్తాయి. ఆఫ్‌లైన్‌లో లోపలి గడియారం ముప్ఫై రెట్లు పరుగెత్తుతుంది. కానీ డిస్కు నుంచి రెండో వైపు తేవడానికి పట్టే సెకను గోడ గడియారం సెకనే. ఇక్కడ ఆ ఒక్క సెకను గడిచేలోపు అక్కడ ముప్ఫై సెకన్లు గడిచిపోయాయి. రెండు సెకన్ల క్రాస్‌ఫేడ్ వాటిలో ఏ మూలకి? అర నిమిషం నిశ్శబ్దాన్ని భద్రంగా ఫైల్లో రాసుకొచ్చాను. వైపు మారిన ప్రతిసారీ అదే ఉంటుంది.

ఈ ఆలోచనంతా రెప్పపాటులో వచ్చింది. బాబాయి కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. తాళం ఆపలేదు. ఆయన ముఖం చూసి నేను నోరు తెరిచాను, నామం అందుకుందామనే. నా గొంతు పెగల్లేదు. ఇరవై ఏళ్ళు ఇతరుల గొంతులు సరిచేసినవాణ్ణి, ఒక్క వరస ఎత్తుకోలేకపోయాను.

అప్పుడు వంటశాల వైపు నుంచి వినిపించింది. సన్నటి గొంతు, మేష్టారు వదిలిన శ్రుతిలోనే, తాళానికి సరిగ్గా. సింహాచలమ్మ గారు ముక్క తరుగుతున్న చేత్తోనే, తల కూడా ఎత్తకుండా నామం చెబుతోంది. రెండో ఆవృతానికి పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచి, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మందిరం లోపలికి రాలేదు. బాబాయి తల ఊపాడు. అర నిమిషం తిరిగేసరికి స్పీకర్లోంచి మేష్టారి గొంతు మళ్ళీ వచ్చింది. ఆవిడ గొంతు ఆయన గొంతులో ఎక్కడ కలిసిందో, తర్వాత ఎక్కడ తప్పుకుందో నాకు తెలియలేదు. ఎన్ని క్రాస్‌ఫేడ్లు చేశానో నా జీవితంలో. అలాంటిది ఒక్కటీ చేయలేదు.

నేను లాప్‌టాప్ మీద చెయ్యి వేశాను, మిగతా ఖాళీలని అక్కడికక్కడ దాటించేద్దామని. బాబాయి తాళం వేస్తూనే వద్దని తల అడ్డంగా ఊపాడు. ఇరవై అయిదు నిమిషాలకోసారి మేష్టారు ఆగడం, ఆవిడ అందుకోవడం, మళ్ళీ ఆయన రావడం. మూడింటికి సాయంత్రం మండలి వాకిట్లోకి వచ్చి గొంతు కలిపేదాకా అలాగే నడిచింది.

ఆ తర్వాత ఆకులేశారు. బాబాయి దగ్గర తప్పంతా ఒప్పుకున్నాను. ఆయన మజ్జిగ తాగి, ఒకటే అడిగాడు.

"తెగిందంటావా?"

నేను లెక్క మనిషిని. మేష్టారు ఆగినదానికీ ఆవిడ వినిపించినదానికీ మధ్య నాలుగు సెకన్లున్నాయని నాకు తెలుసు. అబద్ధం చెప్పాలా, ఈ పండగకి నా చేత్తోనే చివరి మేకు కొట్టాలా అని తేల్చుకోలేక కూర్చున్నాను. వడ్డిస్తున్న సింహాచలమ్మ గారు గరిటె ఆపింది.

"తెగనేదు. నాను మొదట్నుంచీ నామం అంటానే ఉన్నాను. మైకు ఆగింది గాబట్టి మీకు ఇనపడింది, అంతే."

ఇద్దరం ఆవిడ వైపు చూశాం.

"ఏటలా సూస్తారు? ఏటా అనీదాన్నే. మూడు గంటలు ఒక్క మనిసి, ఎండలో, గొంతు తడుపుకోవద్దా? నాను గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చీదాన్ని. ఆయన తాగినంతసేపూ గుమ్మంలో నిలబడి నానే అనీదాన్ని. గ్లాసు నా సేతికొచ్చీసరికి నామం ఆయనకెల్లిపోయీది."

బాబాయి ఆకు పక్కకి జరిపాడు. "నాకు ఇనపడీది వొదినా," అన్నాడు. "ఎవరో అంటన్నారనుకునీవోణ్ణి. తాళం సూసుకునీవోణ్ణి గానీ ఏనాడూ కళ్ళిప్పి సూడనేదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇయ్యాల టేపులో నీళ్ళకి ఆగనేదేటి ఆయన? అదే సూస్తన్నాను. మూడు గంటలూ పాపం దాహం అనకండా పాడతన్నారేటని."

ఆయన నీళ్ళు తాగిన ప్రతిచోటా కత్తిరించింది నేనే.

ఇంటికి కాకుండా నేరుగా స్టూడియోకి వెళ్ళాను. అదృష్టం, కత్తిరించిన ముక్కలు చెరపలేదు. హోరు తీయకుండా, ఏమీ తీయకుండా, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి పేర్చాను. మొత్తం కలిపితే ఒక నిమిషం. ఈసారి ఆఫ్‌లైన్ చేయలేదు. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, నిమిషం పాటు కూర్చుని వింటూ ఫైలు చేశాను. గాజు చప్పుడు, గ్లాసు చప్పుడు, గుటక చప్పుడు కూడా. వాటి మీదుగా ఆవిడ గొంతు. అందరం నమ్ముకున్న ఆ తెగని నామంలో పన్నెండు చోట్ల ముడి వేసినది ఆ గొంతు.

రెండు రోజుల తర్వాత తీసుకెళ్ళి వినిపించాను. హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకి పెద్దవయ్యాయి, రెండు చేతులతో పట్టుకుంది. తన గొంతు గురించి ఒక్క మాటా అనలేదు. నాలుగో ముక్క దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇదిగో, తాగుతున్నారు" అంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను.

ఆ రోజు నుంచి నా పనిలో రెండు మారాయి. ఆఫ్‌లైన్‌లో కంప్యూటరు ఎవరికోసమూ ఆగదు కాబట్టి, మనం ఆగాలి. ఆరు నిమిషాల్లో తయారైనా సరే, మూడు గంటల ఫైలుని మూడు గంటలు కూర్చుని వినకుండా ఎవరికీ ఇవ్వను. ఇక ప్రధాన గొంతు లేని ముక్క ఏదైనా టేపులో కనిపిస్తే, కత్తిరించే ముందు అక్కడ ఉన్నది ఎవరో కనుక్కుంటాను. ఇలా అయితే పని సాగదని నా దగ్గరికొచ్చే పెళ్ళి వీడియోల వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీండి.

కరోనా తగ్గాక అష్టప్రహరి మళ్ళీ మొదలైంది. మందిరం గోడకి అంటించిన పహరాల జాబితాలో పన్నెండు నుంచి మూడు దాకా సింహాచలమ్మ గారి పేరు ఉంటుంది, బాబాయి చేతిరాతతో. కత్తిపీటలు పక్కన పెట్టి వంటశాల అంతా వచ్చి మేష్టారి చోటు చుట్టూ కూర్చుంటుంది. నా లాప్‌టాప్‌తో అక్కడెవరికీ పని లేదు. నాకు మాత్రం ఒక పని ఉంది. ఆవిడకి వయసు మీద పడింది, గొంతు త్వరగా ఆరిపోతుంది. అరగంటకోసారి గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి ఇస్తాను. ఆవిడ తాగినంతసేపూ నామం నేను చెబుతాను. నా గొంతు బాగుండదు, శ్రుతి కూడా ఒక్కోసారి జారుతుంది. గ్లాసు నా చేతికొచ్చేలోపు ఆవిడ అందుకుంటుంది.